తోరణం వంపుకి చేతి బీడింగ్

పూజామందిరం తోరణానికి ఇవాళ బీడింగ్ తియ్యడం, అంటే అంచు వెంట రెండు గాడుల మధ్య గుండ్రటి సన్నటి పట్టీ తేల్చడం. టేకు పలక, మందం 20 మి.మీ. లోపలి వంపు వ్యాసార్ధం 300, కాళ్ల మధ్య దూరం 500 మి.మీ. వంపు పొడవు రెండడుగుల లోపే. ఈ కాస్తకి రూటర్ (బిట్టు గిర్రున తిరిగి గాడి తీసే మిషను) బిగించడం దండగ. టేకు మీద బిట్టు ఒక్క క్షణం ఆగినా నల్లటి మచ్చ పడుతుంది కూడా.

అందుకే చేత్తో గీకడమే. పొద్దుటి పని ఆ గీకే బ్లేడు తయారీయే. పాత చేతిరంపం రేకు, 0.8 మి.మీ. మందం. చైన్ రంపానికి పదునుపెట్టే 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయితో 2.4 లోతు అర్ధచంద్రం, దానికి రెండు పక్కలా 1 మి.మీ. మొన. అంతకన్నా సన్నగా వదిలితే టేకులో పుటుక్కున విరుగుతుంది. ఆకురాయిని రేకుకి నిటారుగా, 90 డిగ్రీల్లో పట్టాలి. అప్పుడే బ్లేడు తోసినా, లాగినా కోస్తుంది. టేకులో ఉండే ఇసుక గుణానికి పదును తొందరగా పోతుంది. పొట్టుకి బదులు పొడి రాలుతోందంటే పోయినట్టే. అప్పుడు రేకు చదును ముఖాలు రెండూ రాయి మీద రుద్దితే చాలు, ఆకారం జోలికి వెళ్లకూడదు.

పట్టుకునే కట్టె ఎల్ ఆకారం. రెండు చెక్కముక్కల మధ్య బ్లేడు పెట్టి, రెండు స్క్రూలు. బ్లేడు సరిగ్గా 2.4 మి.మీ. బయటికి. లోతు అందగానే కట్టె అడుగే పలకకి ఆనుకుని ఆపేస్తుంది.

వంపులో పని చెడేది మాత్రం ఎల్ కట్టెలో పలక అంచుకి ఆనే ముక్క దగ్గర. దాని ముఖం తిన్నగా, 60 మి.మీ. పొడవు ఉందనుకుందాం. లోపలి వంపులో రెండు కొసలే తగులుతాయి, మధ్యలో 1.5 మి.మీ. సందు. బీడింగ్ అంతమేరా అంచువైపు జరుగుతుంది. వంపు చివర ఒక కొస జారిపోగానే గీత వంకర. అందుకే ఆ ముఖాన్ని 15 మి.మీ.కి కోసి, బొడిపెలా గుండ్రం చేసి, తగిలే చోటు బ్లేడుకి ఎదురుగా ఉండేలా చూడాలి. పాత స్టాన్లీ 66 బీడింగ్ పనిముట్టుకి తిన్నటి పనికొకటి, వంపు పనికొకటి ఆనుడు ముక్కలు వేరువేరుగా ఇచ్చింది ఇందుకే.

రెండో చిక్కు నార, అంటే చెక్కలో పీచు నడిచే దిశ. వంపు నడినెత్తిన నార గీత వెంటే నడుస్తుంది. కాళ్ల దగ్గరికొచ్చేసరికి ఏటవాలుగా అడ్డం వస్తుంది. అక్కడ ఎటు లాగినా గాడి గోడల్లో ఒకటి ఎదురు నారే, పెచ్చు లేస్తుంది. మందు ఒక్కటే: ముందే గాడుల అంచుల్ని కత్తిమొనతో గట్టిగా గీసుకోవడం. బీడింగ్‌కీ అంచుకీ మధ్య 6 మి.మీ. వదలడమూ అందుకే. 2 మి.మీ. వదిలితే ఆ సన్నటి పట్టీ కాళ్ల దగ్గర ఊడొచ్చేస్తుంది.

గీకడం దూరపు కొసన మొదలు. రెండంగుళాల పొట్టి లాగుళ్లు, కొద్దికొద్దిగా వెనక్కి వస్తూ. కట్టె కదిలే దిశకి కాస్త వాలాలి. బరువంతా అంచు మీదే, బ్లేడు మీద కాదు. మొదటి పదిసార్లు గీత పడితే చాలు. గాడి పడ్డాక అదే దారి చూపిస్తుంది.

బీడింగ్ నెత్తి వచ్చేచోట పెన్సిలు రుద్ది ఉంచాలి. నలుపు పోయిన చోట పని అయినట్టు. ఇసుక కాగితం వద్దు, గాడి మూలలు మొద్దుబారతాయి. గుప్పెడు చిత్రిక పొట్టుతో రుద్దితే మెరుపొచ్చేస్తుంది.

కాళ్ల చివర 8 మి.మీ. మేర ఆనుడు ముక్కకి అంచు దొరకదు. అక్కడ గాడిని కత్తితో, బీడింగ్ గుండ్రాన్ని 6 మి.మీ. ఉలి బోర్లా పట్టి తీశాను. రెండు కొసలకీ గంట పట్టింది, మిగతా వంపంతా నలభై నిమిషాలే.