వెనక బ్రేకూ, తాతయ్య అభ్యంతరమూ

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మనం సంస్కృతి అనగానే కూచిపూడి, సంగీతం, వారాంతంలో మనబడి అంటాం. మా ఇంట్లోనూ అవన్నీ ఉన్నాయి, వాటి మీద నాకు గౌరవమే. కానీ చేత్తో పనిచేసే మనిషిని మనం ఎక్కడ నిలబెడతాం, ఆయనతో ఎలా మాట్లాడతాం అన్నది ఏ క్లాసులోనూ ఉండదు. పిల్లలు హైదరాబాద్ వచ్చి, మనల్ని మన వాళ్ల మధ్య చూసినప్పుడే అది తెలుస్తుంది. ఈ సెలవుల్లో మా అమ్మాయికి మా నాన్న కారు వెనక బ్రేకు దగ్గర తెలిసింది.

మేముండేది డాలస్‌లో. టెక్సాస్‌లో 15 ఏళ్లకే లెర్నర్ లైసెన్స్ ఇస్తారు. కారు తాళం కావాలంటే ముందు టైరు మార్చడం, ఆయిల్ చూడటం రావాలని మావారు షరతు పెట్టారు. అక్కడ షాపుకి తీసుకెళ్తే బ్రేక్ ప్యాడ్ల (చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు పక్కలా పట్టి ఆపే బిళ్లలు) ఖరీదు కంటే కూలీయే ఎక్కువ, అందుకని మా కారు ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు తండ్రీకూతుళ్లే మార్చారు. ఇక్కడేమో 18 నిండితే గానీ కారు నడపకూడదు. తాతయ్య కారు విప్పడం వచ్చిన పిల్లకి అది నడిపే వయసు ఇంకా రాలేదు.

మల్కాజ్‌గిరిలో నాన్న కారు ఎక్కువగా చెట్టు కింద వానకి తడుస్తూ నిలబడి ఉంటుంది. ఒకరోజు గుడికెళ్లి వచ్చాక వెనక నుంచి మాడు వాసన వచ్చింది. మా అమ్మాయి దిగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఎడమది మామూలుగానే ఉంది, కుడిది సెగలు కక్కుతోంది. "బ్రేక్ పట్టేసింది తాతయ్యా, వదలట్లేదు" అంది.

"మెకానిక్‌కి ఫోన్ చేస్తా, వాడొచ్చి పట్టుకుపోతాడు. నువ్వు లోపలికి రా తల్లీ, చేతులు మసి చేసుకోకు" అన్నారు నాన్న. మా అమ్మాయి తనూ చేస్తానంటే మా అమ్మ, "నలుగురూ చూస్తే ఏమనుకుంటారే" అని నా వైపు తిరిగింది.

నాకు కోపం వచ్చింది. నాన్న నన్ను ఇంజనీరింగ్ చదివించిన మనిషి. అయితే మెకానికల్ తీసుకుంటానంటే ఆడపిల్లకి వర్క్‌షాప్ ఏమిటని ఎలక్ట్రానిక్స్‌లో చేర్చారు. ఆ మాట మళ్లీ నా కూతురి దాకా రానివ్వదలచుకోలేదు. నేనే మెకానిక్ గారికి ఫోన్ చేసి, మా అమ్మాయి పక్కనుండి పని చేస్తుంది, చేయనిస్తారా అని అడిగాను. "రానీ అమ్మా, ఏం గాదు" అన్నారాయన.

వీధి చివర చిన్న షెడ్డు ఆయనది. జాకీ ఎత్తగానే మా అమ్మాయి ఆగమంది. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదని, కింద స్టాండ్ పెట్టాలని పట్టుబట్టింది. ఆయన పక్క షాపు నుంచి స్టాండ్లు తెప్పించి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నారు. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి హ్యాండ్‌బ్రేక్ దించారు, ఎందుకంటే ఈ కారులో హ్యాండ్‌బ్రేక్ పనిచేసేది వెనక కాలిపర్ (ప్యాడ్లని పళ్లేనికి నొక్కే భాగం) లోపలే. కాలిపర్ విప్పి, బ్రేక్ గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైకి కట్టారు. లోపలి ప్యాడ్ దాదాపు ఇనుము దాకా అరిగింది, బయటిది సగం మిగిలి ఉంది.

ఇంట్లో చేసినట్టే సీ-క్లాంప్ (స్క్రూ తిప్పి బిగించే పట్టు) పెట్టి, ప్యాడ్‌ని తోసే గుండ్రటి దిమ్మ, పిస్టన్‌ని లోపలికి నొక్కబోయింది మా అమ్మాయి. కదల్లేదు. ఇంకా బిగిస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "గట్ల నొక్కితే పోదు బిడ్డా. ఇది ముందటి బ్రేక్ గాదు. తిప్పాలె."

ముందు చక్రం పిస్టన్‌ వెనక ఉండేది బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని చక్రం దాకా చేర్చే ద్రవం) మాత్రమే, అందుకే నొక్కితే లోపలికి పోతుంది. కేబుల్ హ్యాండ్‌బ్రేక్ కాలిపర్‌లోనే ఉన్న వెనక బ్రేకులో పిస్టన్ వెనక ఒక మర (స్క్రూ) ఉంటుంది. ప్యాడ్ అరిగే కొద్దీ ఆ మర తిరిగి సందు పెరగకుండా చూస్తుంది. క్లాంప్‌తో బలవంతం చేస్తే లోపలి భాగాలు పాడవుతాయి. పిస్టన్ ముఖం మీద గాట్లు ఉంటాయి, వాటిలో టూల్ పెట్టి తిప్పాలి. చాలా కార్లలో కుడివైపుకి తిప్పాలి, కొన్నిటిలో రెండు పక్కలా ఒకే దిశ ఉండదు, ముందే చూసుకోవాలి. బటన్‌తో పడే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే కథ వేరు. ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టి మోటార్‌ని వెనక్కి తీసుకోవాలి, ఆ తర్వాతే పిస్టన్‌ని నొక్కాలి.

తిప్పింది. పిస్టన్ ఉన్నచోటే గిర్రున తిరిగింది తప్ప లోపలికి పోలేదు. "ఒత్తుకుంట తిప్పు" అన్నారాయన. ఒక చేత్తో బలంగా ఒత్తి, రెండో చేత్తో తిప్పి చూపించారు. ఈసారి వెంట్రుకవాసి లోపలికి జరిగింది. పిస్టన్‌తో పాటు దాని చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు కూడా మెలి తిరుగుతుంటే, తిప్పిన ప్రతిసారీ బొటనవేలితో దాన్ని నెమ్మదిగా సర్దారు. మెలి అలాగే ఉంటే తొడుగు చిరిగి లోపలికి నీళ్లు పోతాయట. ఇవన్నీ మా అమ్మాయి వీడియోల్లో చూసే ఉంటుంది. కానీ ఎంత ఒత్తితే చాలో ఆయన చెయ్యి పక్కన తన చెయ్యి పెడితేనే తెలిసింది.

సగం దాకా వెళ్లి మళ్లీ బిగిసింది. కాలిపర్ మీద ఫ్లూయిడ్, గాలి బయటికి వదిలే బ్లీడర్ నిపుల్‌కి పైపు తగిలించి తనతోనే వదులు చేయించారు. అలా వదిలాక పిస్టన్ తేలిగ్గా కదిలితే, గొట్టం లోపల మూసుకుపోయి ఫ్లూయిడ్ వెనక్కి రావట్లేదని అర్థం. అప్పటికీ కదల్లేదు కాబట్టి తప్పు పిస్టన్‌దే. బయటికి తీస్తే అంచు చుట్టూ తుప్పు.

కొత్త పిస్టన్, సీల్ కిట్ కోసం రాణిగంజ్ వెళ్లాం. బోనాల రోజులు, ఉజ్జయిని మహంకాళి గుడి వైపు కాలు పెట్టే సందు లేదు. షాపతను పాత పిస్టన్ పక్కన కొత్తది పెట్టి, గాట్లు, సైజు సరిచూసి గానీ ఇవ్వలేదు. తర్వాత పని చకచకా అయిపోయింది. కాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాశారు, ప్యాడ్ వెనక ఉన్న బొడిపె పిస్టన్ గాటులో కూర్చుందో లేదో చూశారు, బ్రేక్ గొట్టంలో చేరిన గాలి తీశారు. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కాలి, లేకపోతే మొదటిసారి కాలు నేల దాకా పోతుంది.

డబ్బుల దగ్గర నాన్న బేరం మొదలుపెట్టారు. మా అమ్మాయి ఊరుకోలేదు. "తాతయ్యా, అంకుల్ పొద్దున్నుంచీ చేశారు కదా" అంది అందరి ముందూ. అడిగినంతా ఇచ్చారు గానీ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి మా అమ్మాయికి ఈ కథలో రెండో సగం చెప్పాను. అర్ధరాత్రి బ్యాటరీ పడిపోతే ఈ మెకానిక్ గారే స్కూటర్ మీద వచ్చి, రూపాయి తీసుకోకుండా వెళ్లిన రోజులున్నాయి. వాళ్లమ్మాయి పెళ్లికి తాతయ్య ముహూర్తం దాకా కూర్చుని వచ్చారు. ఆ బంధం బిల్లులో కనిపించదు. అలాగని బేరం న్యాయమని నేను అనను. మా అమ్మాయి అన్నదే సరైన మాట, అందరి ముందు అన్నా సరే. పెద్దలకి ఎదురు చెప్పొద్దని మందలించడం నాకు సులువే, కానీ దానివల్ల తను నేర్చుకునేది నోరు మూసుకోవడమే.

నాన్న ఇప్పటికీ "వాడు" అనే అంటున్నారు, నేను ప్రతిసారీ "ఆయన" అని సరిదిద్దుతున్నాను. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, అందుకే మామూలుగా రెండేళ్లకోసారి మార్చాలి. కారు నిలబడి ఉండటం ఎక్కువ కాబట్టి ఇంకా ముఖ్యం. నాన్న ఎప్పుడు మార్పించారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. సోమవారం నాలుగు చక్రాలకీ మార్పించడానికి మా అమ్మాయే ఫోన్ చేసి, ఎప్పుడు రమ్మంటారని అడిగి పెట్టింది.