మా ఇంట్లో నల్లులు, మా తిప్పలు

దోమలు కుడుతున్నాయని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. నల్లులంటే మాత్రం గొంతు తగ్గుతుంది. మా ఇంట్లో ఉన్నాయని తేలగానే నేను చేసిన మొదటి పని వీధి తలుపు మూయడం. నిజానికి ఇంటి శుభ్రతతో వాటికి పట్టింపు లేదు. తాగడానికి మన రక్తం, దాక్కోవడానికి ఒక సందు ఉంటే చాలు. నెల్లూరు హాస్టల్లో ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి వేసవి సెలవులకు పరుపు చుట్టతో సహా కావలి వచ్చాడు. వాడితోపాటే అవీ దిగాయి.

దద్దుర్లు చూసి కొన్నాళ్లు దోమలనే తిట్టుకున్నాం. తర్వాత దుప్పటి మీద నల్లటి చుక్కలు కనిపించాయి. ఒక రాత్రి టార్చి వేసి పరుపు అంచు కుట్లు తిరగేస్తే ఎర్రమట్టి రంగు పురుగులు, పక్కనే అవి విడిచిన పొట్టు.

మా అత్తగారు ఏమాత్రం కంగారు పడలేదు. "మంచం ఎండలో వేసి, కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పొయ్యమ్మా" అన్నారు. ఆ మాటలో పస ఉంది. యాభై డిగ్రీల వేడి సరిగ్గా తగిలితే నల్లులే కాదు, గుడ్లూ చస్తాయి. ఆమె నవారు మంచం అలాగే బాగుపడింది. నవారంతా ఊడదీసి ఉడకబెట్టాం, పట్టెల చీలికల్లో మరిగే నీళ్లు పోశాం. పరుపు దగ్గర ఆ వైద్యం పారలేదు. రోహిణి కార్తె ఎండకు పైవైపు కాలిపోతుంటే నల్లులు తాపీగా కిందివైపుకు చేరాయి.

ఎదురింటాయన వడ్ల వ్యాపారి. గోదాములో పెట్టే మాత్రలు గదిలో వేసి తలుపులు మూయమన్నారు. దండం పెట్టి వద్దన్నాను. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు తలుపు సందుల్లోంచి పాకి, పక్క గదుల్లో నిద్రపోతున్న వాళ్ల ప్రాణాలు తీసిన సంఘటనలు ఉన్నాయి. పొలం మందులు ఇంట్లో కొట్టడమూ అంతే ప్రమాదం.

చివరికి మందు కొట్టే మనిషిని పిలిపించాం. "రెండు వారాలకు మళ్లీ కొట్టాలి. రెండోసారి వద్దంటే మొదటిసారీ వద్దు" అన్నాడు. ఆ ఖండితం నాకు నచ్చింది. మందు గుడ్ల మీద సరిగా పనిచేయదు. అవి వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్లలు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపే రెండో దెబ్బ పడాలి. మామూలుగా వాడే మందులకు లొంగని నల్లులు కూడా ఇప్పుడు చాలా ఉన్నాయట. అందుకే మందుతోపాటు మా చాకిరీ కూడా సాగింది. పక్కబట్టలన్నీ వేడినీళ్లలో ఉతికి, పరుపు కుట్ల మీద ఆవిరి ఇస్త్రీ పెట్టె నడిపించి, దేవుడి పటాల వెనక కూడా వెతికాం.

మావారు హాల్లో పడుకుంటానన్నారు. ఒప్పుకోలేదు. మనిషి గది మారితే నల్లులూ వెంట రావచ్చు, హాలు కూడా పాడవుతుంది. పోనీ గది ఖాళీగా వదిలేస్తే ఆకలికి చస్తాయా అంటే, తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు. మంచాలు గోడకు దూరంగా జరిపి, కోళ్ల కింద గిన్నెలు పెట్టి సబ్బునీళ్లు పోశాను. ఎక్కబోయినవి అందులో పడేవి, ఎన్ని మిగిలాయో నాకు లెక్కా తెలిసేది. రెండోసారి మందు కొట్టాక కొన్ని పిల్లలు పడ్డాయి, తర్వాత ఏమీ లేవు. అయినా చాలాకాలం గిన్నెలు తీయనివ్వలేదు. కాలు తగిలి నీళ్లు ఒలికినప్పుడల్లా మావారు విసుక్కునేవారు. విసుక్కోనిచ్చి, మళ్లీ నింపేదాన్ని.