పాలిష్ అలాయ్ వీల్స్: పైన పొర ఉందా, లేదా?

పాలిష్ చేసిన అలాయ్ వీల్స్‌ని చాలాసార్లు పాడుచేసేది మురికి కాదు, దాన్ని వదిలించడానికి వాడిన మందు. అద్దంలా మెరిసే వీల్స్ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి గానీ వాటిలో రెండు రకాలున్నాయి. కొన్నిటిలో అల్యూమినియాన్ని నున్నగా మెరుగుపెట్టి అలాగే వదిలేస్తారు. మిగతావాటిలో మెరుగుపెట్టిగానీ లేతు మీద చెక్కిగానీ పైన క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పూత) కొడతారు. ఒకదానికి పనికొచ్చేది రెండోదానికి హాని చేస్తుంది.

తేల్చుకోవడం తేలికే. వీల్‌ని శుభ్రంగా కడిగి ఆరనిచ్చి, మెరిసే భాగంలోనే ఒక మూల తెల్ల గుడ్డతో కాస్త మెటల్ పాలిష్ రుద్దండి. గుడ్డ నల్లబడితే అది వట్టి లోహం. తెల్లగానే ఉంటే పైన పొర ఉన్నట్టు. కడగకుండా చేస్తే మురికికే గుడ్డ నల్లబడి మోసపోతారు.

రోజువారీ శత్రువు బ్రేక్ డస్ట్. అందులో సన్నటి ఇనుప రజను, ప్యాడ్‌లోని రెసిన్ కలిసి ఉంటాయి. వేడి మీద వచ్చి అతుక్కుంటుంది, ఆపైన తేమ తగిలి ఇనుము తుప్పుపడుతుంది. వీల్ మీద కనిపించే గోధుమరంగు చుక్కలు చాలావరకు అవే. అల్యూమినియానికి ఆ ఎర్రతుప్పు రాదు. అది మసకబారుతుంది, గుంటలు పడుతుంది.

వీల్ చల్లారాకే కడగాలి. వేడి మీద షాంపూ, క్లీనర్ క్షణాల్లో ఎండిపోయి మరకలు మిగులుస్తాయి. ఒక్కో వీల్ పూర్తిచేసి, తుడిచి, తర్వాతదానికి వెళ్లండి. బకెట్టూ బ్రష్షూ వీల్స్‌కే విడిగా ఉంచాలి, లేదంటే ఆ ఇనుప రజనే బాడీ పెయింట్ మీద గీతలు పెడుతుంది. మొండి రజనుకి ఐరన్ రిమూవర్ కొడితే ఊదారంగుకి తిరుగుతుంది. సీసా మీద రాసినంతసేపే ఉంచి, ఎండకముందే కడిగేయాలి. వట్టి లోహమైతే ముందు ఒక మూల పరీక్షించండి.

ఆమ్ల, క్షార స్థాయిని చెప్పే పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతవరకే అల్యూమినియం మీదుండే సహజమైన ఆక్సైడ్ పొర నిలుస్తుంది. ఘాటైన ఆమ్లమైనా, కాస్టిక్ సోడా ఉన్న డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) అయినా దాన్ని తినేస్తుంది. వట్టి లోహం మీద పడితే నిమిషాల్లోనే తెల్లటి మసక వస్తుంది, అది ఎంత కడిగినా పోదు; మళ్లీ పాలిష్ చేయాల్సిందే. అందుకే సీసా మీద న్యూట్రల్ అని లేకపోతే పక్కన పెట్టేయండి.

వట్టి లోహాన్ని పాలిష్ చేసేటప్పుడు ఒకసారికి అరచేయంత మేరే తీసుకోవాలి. పాలిష్ కొద్దిగానే రాసి, నల్లటి జిడ్డు వచ్చేదాకా రుద్ది, ఎండకముందే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. గీతలు గోటికి తగులుతుంటే పాలిష్ చాలదు. 600 నంబర్ వాటర్ పేపర్‌తో తడిగా మొదలుపెట్టి 800, 1000, 1500, 2000 దాకా వెళ్లాలి. ప్రతి నంబర్‌నీ ముందుదానికి అడ్డంగా రుద్దితే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. మధ్యలో ఒక నంబర్ దాటేస్తే ఆ గీతలు చివర్లో, మెరుపు వచ్చాక బయటపడతాయి (అంత పనీ మళ్లీ మొదటికే!). స్టీల్ ఉన్ని వాడొద్దు. దాని ముక్కలు లోహంలో దిగబడి తుప్పుపడతాయి.

పాలిష్ అయ్యాక కాపు వేయకపోతే మసక మళ్లీ మొదలవుతుంది. సగం నీళ్లు, సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడిచి జిడ్డు తీసేసి, వీల్ సీలెంట్ (లోహాన్ని కాపాడే పూతమందు) రెండు పూతలు వేయండి. కార్నుబా మైనం 80 డిగ్రీలు దాటాక కరుగుతుంది కాబట్టి గట్టిగా వేడెక్కే ముందువైపు వీల్స్‌కి అది సరిపోదు. నీళ్లు చుక్కలుగా నిలవడం మానేస్తే మళ్లీ పూయాల్సిన సమయం వచ్చినట్టే.

క్లియర్ కోట్ ఉన్నవాటి జబ్బు వేరు. రాయి తగిలి చిన్న పెచ్చు లేస్తే అందులోంచి తేమ దూరి, పొర కింద పురుగులు పాకినట్టు తెల్లటి గీతలు వస్తాయి. పైనుంచి ఎంత రుద్దినా అక్కడిదాకా చేరదు. పొర మొత్తం తీసి, మెరుగుపెట్టి, మళ్లీ కోట్ కొట్టించాలి. లేతు మీద చెక్కిన రకమైతే ప్రతిసారీ కొంత లోహం పోతుంది, కనుక ఈ పని లెక్కలేనన్నిసార్లు కుదరదు. పెచ్చు కనబడగానే తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పుల్లతో చుక్క లాకర్ (పారదర్శక పూత) అంటిస్తే ఇంత దూరం రాదు. బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు అంచుకి తగిలించే క్లిప్ బరువులు వద్దని, లోపలివైపు అతికించేవి వేయమని చెప్పండి. క్లిప్ గీసిన చోటే చాలాసార్లు పొర లేస్తుంది.

సీలెంట్ నట్లు కూర్చునే గుంటల్లో గానీ, హబ్‌ని (వీల్‌ని బిగించే ఇరుసు భాగాన్ని) ఆనుకునే వెనకభాగంలో గానీ పడకూడదు. హబ్ మీది తుప్పుని వైర్ బ్రష్‌తో గీకి, నట్లని నక్షత్రం వరసలో మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి రెంచ్ పెట్టి చూడండి.