సఖినేటిపల్లి రేవు కెమెరా: విన్‌ఎస్‌సీపీతో ఇప్పటిదాకా అయిన పని

బాబాయి వాళ్ల మేడ మీద పెట్టిన రాస్ప్‌బెర్రీ పై (కెమెరా తగిలించిన చిన్న కంప్యూటర్, ఇకమీద ‘పై’ అంటే ఇదే) ఇప్పుడు పది నిమిషాలకోసారి వశిష్ఠ గోదారిని ఫొటో తీస్తోంది. నర్సాపురం పంటు వచ్చిపోవడం కూడా అందులో పడుతోంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు కదా, ఆ రోజుల్లో మా రేవు మెట్లు ఎంతవరకు మునుగుతాయో వరసగా చూసుకోవాలని సరదా. నేనుండేది అమలాపురంలో, ప్రతిసారీ బస్సెక్కి వెళ్లి మెమరీ కార్డు తెచ్చుకోలేను కాబట్టి ఫైళ్ల పనంతా విన్‌ఎస్‌సీపీకి అప్పజెప్పాను. మన కంప్యూటర్‌కీ దూరంగా ఉన్న కంప్యూటర్‌కీ మధ్య ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ ఇది. విండోస్‌లో నడుస్తుంది, ఉచితం, ఓపెన్ సోర్స్.

అసలు చిక్కు నెట్‌తో వచ్చింది. అక్కడున్నది సిమ్ రూటర్, దానికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, అంటే బయటి నుంచి నేరుగా దానికి కనెక్టయ్యే దారే లేదు. అందుకని అద్దెకి తీసుకున్న చిన్న వీపీఎస్ (ఎప్పుడూ నెట్‌లో ఉండే సర్వర్) ఒకటి మధ్యలో పెట్టాను. పై తనే వీపీఎస్‌కి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు కంప్యూటర్లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) కనెక్టయి, అక్కడి 2222 పోర్టుని (కనెక్షన్లు వచ్చే ద్వారం లాంటిది) తన 22కి కలుపుతుంది (రివర్స్ టన్నెల్ అనేది ఇదే), లైను తెగితే ఆటోఎస్‌ఎస్‌హెచ్ మళ్లీ కలుపుతుంది. విన్‌ఎస్‌సీపీ సెషన్‌లో హోస్ట్ నేమ్ లోకల్‌హోస్ట్, పోర్టు 2222 ఇచ్చి, అడ్వాన్స్‌డ్‌లో కనెక్షన్ కింద ఉండే టన్నెల్ పేజీలో వీపీఎస్ వివరాలు ఇస్తే సరి. మామూలు సెట్టింగులతో ఆ 2222 వీపీఎస్ లోపలికే పరిమితం, ఊరందరికీ తెరుచుకోదు, దాన్ని అలాగే ఉంచండి. మొదటిసారి హోస్ట్ కీ ఫింగర్‌ప్రింట్ (మనం కలిసింది అసలు కంప్యూటర్‌కేనా అని పోల్చుకునే గుర్తు) చూపించి సరేనా అని రెండుసార్లు అడుగుతుంది, వీపీఎస్‌ది ఒకటి, పైది ఒకటి. పై నా బల్ల మీద ఉన్నప్పుడే దాని ఫింగర్‌ప్రింట్ రాసిపెట్టుకున్నాను, సరిచూశాకే ఒప్పుకున్నాను. ఎస్ కొట్టేసి ముందుకెళ్లిపోతే ఆ ప్రశ్న అడిగి లాభమేంటి?

పాస్‌వర్డ్ లాగిన్ రెండు చోట్లా తీసేశాను. కీలు తయారుచేసే పుట్టీజెన్‌లో ఈడీ25519 రకం కీల జత చేసుకుని, రహస్య కీని నా దగ్గరే ఉంచి, పబ్లిక్ కీని వీపీఎస్, పై రెండింటిలోనూ ఆథరైజ్డ్ కీస్ (ఎవరి కీని ఒప్పుకోవాలో రాసే) ఫైల్లో పెట్టాను. అది ఉన్న ఫోల్డర్‌కి 700, ఆ ఫైల్‌కి 600 పర్మిషన్లు (అంటే సొంతదారుకి తప్ప ఇంకెవరికీ అందదు) ఉండాలి, లేకపోతే కీ సరైనదే అయినా లోపలికి రానివ్వకపోవచ్చు. ఒక సెషన్ తెరిచి ఉంచి, రెండో కిటికీలో కీతో లాగిన్ అయ్యాక మాత్రమే పాస్‌వర్డ్ ఆపండి.

ఇక కరెంటు సంగతి. వానాకాలం ఎలా ఉంటుందో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఫోన్ చేస్తే బాబాయి "ఏరా, నీ డబ్బా లైటు ఆరిపోయిందిరా, మళ్లీ తీసి పెట్టమంటావా?" అంటాడు. "వద్దు బాబాయ్, కరెంటొస్తే అదే లేస్తుంది" అని బతిమాలుకోవాలి. విన్‌ఎస్‌సీపీ ఇక్కడ బాగా పనికొచ్చింది: 100 కేబీ దాటిన ఫైల్ వస్తున్నప్పుడు పేరు చివర ఫైల్‌పార్ట్ అని ఉంటుంది, పూర్తయ్యాకే అసలు పేరు వస్తుంది, కాబట్టి సగం వచ్చిన ఫొటోని మొత్తం వచ్చిందనుకునే గొడవ లేదు, లైను రాగానే ఆగిన చోటు నుంచే అందుకుంటుంది.

ఫొటోలు తెచ్చుకోవడానికి ఒక్కోటీ లాగి పడేయడం మానేసి సింక్రొనైజ్ (రెండు ఫోల్డర్లని పోల్చి తేడా ఉన్నవే తెచ్చేది) వాడుతున్నాను, దిశ రిమోట్ నుంచి లోకల్‌కి, అంటే పై నుంచి నా కంప్యూటర్‌కి. డిలీట్ ఫైల్స్ అనే టిక్కు మాత్రం ఎప్పుడూ పెట్టను. కార్డు నిండిందని పై మీద పాతవి చెరిపేస్తుంటాను, ఆ టిక్కు ఉంటే నా దగ్గరున్న కాపీలు కూడా వాటి వెనకే పోతాయి. ప్రివ్యూ జాబితా చదివాకే ఓకే.

ఫొటోలని నా వెబ్‌సైట్‌లోకి ఎక్కించేటప్పుడు పర్మిషన్లు ఫొటోలకి 644, ఫోల్డర్లకి 755, అంటే అందరూ చూడొచ్చు, మార్చడం మాత్రం నాకే. సర్వర్లలో నడిచే లినక్స్‌లో ఇంగ్లిష్ చిన్న బడి (a), పెద్ద బడి (A) అక్షరాలు వేరువేరని గుర్తుంచుకోండి, కెమెరా పెట్టిన పెద్దక్షరాల జేపీజీని పేజీలో చిన్నక్షరాల్లో రాస్తే బొమ్మ రాదు. తెలుగు ఫోల్డర్ పేర్లు మాత్రం యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే కోడింగ్) వల్ల ఏ ఇబ్బందీ లేకుండా కనిపిస్తున్నాయి.

తర్వాత చేయాల్సింది, ఇదే సింక్‌ని స్క్రిప్టుగా (ఆదేశాల జాబితాగా) రాసి విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌కి ఇవ్వడం, రాత్రి పూట దానంతటదే నడిచేలా. స్క్రిప్టులో హోస్ట్ కీ దగ్గర నక్షత్రం గుర్తు (*) పెట్టి ఏదైనా పర్లేదనే అడ్డదారి ఉంది గానీ అది వద్దు, రాసిపెట్టుకున్న ఫింగర్‌ప్రింటే ఇస్తాను.