మిర్చి సీజన్, బిగిసిన దవడ, సన్నని సూదులు

దవడ నొప్పిని మన దగ్గర ఎవరూ జబ్బు కింద లెక్కేయరు. పన్ను నొస్తుందంటే అయ్యో అంటారు, మెడ పట్టిందంటే తలా ఒక తైలం చెప్తారు. దవడ అంటే మాత్రం ‘ఏదో గట్టిది నమిలినట్టున్నవ్’ అని వదిలేస్తారు. దాంతో చాన్నాళ్లు వేగి, చివరికి ఆక్యుపంక్చర్ అనే సూదుల వైద్యంతో కొంత తేరుకున్నవాణ్ని కాబట్టి, నాలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. సంక్రాంతి దాటి మిర్చి రావడం మొదలైతే ఏప్రిల్ దాకా ఊపిరి సలపదు. పొద్దున ఆ రోజు ధర తేల్చే జెండా పాట, ఆ వెంటనే కాంటాలు. కాంటా వేసే దడవాయి తూకం చెప్తుంటే బస్తా బస్తాకూ రాసుకోవాలి, లెక్క తేల్చి రైతు చేతిలో తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, పెట్టాలి. ఏడాదంతా కష్టపడి పంట తెచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, ఒక్క అంకె తప్పు పోకూడదు. ఘాటుకు తట్టుకోలేక ముక్కూ నోరూ తువ్వాలతో కట్టుకుంటాం. ఆ తువ్వాల వెనక నా పండ్లు పొద్దంతా బిగిసే ఉండేవి. రాత్రి కూడా అంతే. ‘నిద్రల పండ్లు కొరుకుతున్నవ్ బిడ్డా, పక్క గదిలకు ఇనబడుతుంది’ అని అమ్మ చెప్పేది.

ఒక సంక్రాంతికి సకినం కొరికితే ఎడమ చెవి ముందర టక్కుమంది. ఆ తర్వాత ఆవలింతకు కూడా నోరు పూర్తిగా తెరుచుకోలేదు. మామూలుగా మనిషి నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టాలి, నాకు రెండే పట్టేవి. చెవిలో పోటు ఉందని ముందు చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. చెవి బాగానే ఉందని, పళ్ల డాక్టర్‌కు చూపించమని ఆయనే అన్నారు. దవడ కీలు సరిగ్గా చెవి ముందరే ఉంటుంది కాబట్టి అక్కడి నొప్పి చెవి నొప్పిలాగే అనిపిస్తుందట. పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, ఎముకలో లోపం లేదు, కండరాలు బిగుసుకుపోయాయి అని చెప్పారు. రాత్రి పళ్లకు తొడుక్కోవడానికి నైట్ గార్డ్ అనే తొడుగు ఇచ్చారు, వేడి కాపడం పెట్టమన్నారు, కొన్నాళ్లు మెత్తటివే తినమన్నారు. వీటితో సగం తగ్గింది. మిగతా సగం కోసం ఆక్యుపంక్చర్ చేయించుకుంటానంటే, చేయించుకోండి, గార్డ్ మాత్రం మానొద్దు అన్నారు.

హన్మకొండలో నేను వెళ్లిన చోట గోడకు డాక్టర్ కోట్నిస్ ఫోటో ఉంది. 1938లో చైనాకు వైద్య సాయం కోసం వెళ్లిన మన ఐదుగురు డాక్టర్లలో ఆయన ఒకరు. అదే బృందంలోని బి.కె. బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఈ సూదుల వైద్యం నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. మన దేశానికి ఇది అట్లా వచ్చిందని తెలిసి నాకు చాలా సంతోషం అనిపించింది.

సూది అనగానే అందరికీ ఇంజెక్షన్ గుర్తొస్తుంది. ఇది అట్లా ఉండదు. లోపల బోలు ఉండదు, మందు ఉండదు, దాదాపు పావు మిల్లీమీటరు మందం. డాక్టర్ గారు నా దవడ మూల మీద వేలు పెట్టి ‘పండ్లు బిగపట్టండి’ అన్నారు. వేలి కింద కండ ఉబ్బింది. ‘ఇప్పుడు వదిలేయండి’ అన్నారు. వదిలాననే అనుకున్నాను. ఆయన ఇంకా నొక్కి చూసి, ‘లేదు, ఇంకా పట్టుకునే ఉన్నారు’ అన్నారు. ఆ ఉబ్బిన చోట ఒక సూది, ఆ చోటును చైనా భాషలో జియాచే అంటారు. చెవి ముందర, నోరు మూసుకుంటే తెలిసే గుంటలో ఇంకొకటి, అది షియాగువాన్. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ హెగు అనే చోట మూడోది.

గుచ్చేటప్పుడు చీమ కుట్టినంతే. ఆ తర్వాతే అసలు సంగతి. సూదిని మెల్లగా తిప్పితే లోపల బరువుగా, గుంజినట్టుగా ఒక మొద్దు నొప్పి పుడుతుంది. దవడ మూల దగ్గర కండ ఒక్కసారి తనంతట తానే అదిరింది. ఇరవై నిమిషాలు అట్లనే పడుకోబెట్టారు. మధ్యలో ఎప్పుడో కింది పళ్లు పై పళ్ల నుంచి దూరం జరిగాయి. నేను జరపలేదు, అవే జరిగాయి. సడలిన దవడ ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పళ్లు ఒకదానికొకటి తగలకూడదని డాక్టరమ్మ ముందే చెప్పారు. కానీ ఆ తగలకపోవడం ఎట్లుంటుందో ఒంటికి తెలియకపోతే ఆ మాట పట్టుకుని ఏం చేస్తాం? సూదులు నాకు ఇచ్చింది అదే. ఇప్పుడు తక్‌పట్టీ కింద మొత్తం వేసే ప్రతిసారీ పళ్లు విడిగా ఉన్నాయా లేదా చూసుకుంటాను. నాలుక కొసను పై పళ్ల వెనక చిగురుకు ఆనిస్తే దవడ దానంతట అదే దిగుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. దవడ నొప్పి మీద జరిగిన పరీక్షల్లో ఉత్తుత్తి సూది పెట్టించుకున్న వాళ్లకు కూడా చాలావరకు నొప్పి తగ్గినట్టు కనిపించింది. కాబట్టి దీన్ని గ్యారంటీ వైద్యం అనను. ఉపశమనం అంటాను, నాకు అది చాలింది. మొదటిసారి తర్వాత రెండు మూడు రోజులు తేలిగ్గా ఉండి నొప్పి మళ్లీ వచ్చింది. వారం వారం వెళ్తూ ఉంటే నొప్పి లేని రోజులు పెరిగాయి. మిర్చి జోరు మీదున్నప్పుడు ఇప్పటికీ కొంచెం తిరగబెడుతుంది.

వెళ్లేవాళ్లు సూది ప్యాకెట్ మీ కళ్ల ముందరే చింపమని అడగండి, మొహమాటపడొద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. గర్భిణులకు హెగు దగ్గర సాధారణంగా పెట్టరు. నడిచినప్పుడు, బరువు ఎత్తినప్పుడు దవడలో నొప్పి వచ్చి, ఛాతీ పట్టేసి చెమటలు పడితే అది గుండె సంగతి కావచ్చు. అప్పుడు ఏ సూదుల కోసమూ చూడకుండా నేరుగా దవాఖానకు పోవాలి.

నా సంగతి విని మా దడవాయన్న ‘నన్ను గూడ తీస్కపో తమ్మీ’ అన్నాడు. ముందు పళ్ల డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. ఆయనది జ్ఞానదంతం అడ్డంగా మొలవడం వల్ల వచ్చిన నొప్పి. పన్ను తీసేశారు, సూదుల అవసరమే పడలేదు.