చిల్లుల గిన్నె కొనేటప్పుడు అడుగు చూడండి

స్టీలు సామాన్ల షాపులో చిల్లుల గిన్నె మెరుపు చూస్తారు, బరువు చూస్తారు, అడుగున రింగు ఉందా లేదా అని మాత్రం ఎవరూ తిరగేసి చూడరు. రింగు లేకపోతే అడుగు సింకుకి ఆనుకుపోయి, వార్చిన నీళ్లలోనే పప్పు మళ్లీ నానుతూ కూర్చుంటుంది. ఇంక ఆ గిన్నె ఎందుకు?

దీని విలువ తెలిసేది గారెల రోజునే. నానిన మినప్పప్పుని ఇందులో పోసి ఓ పావుగంట వదిలేసి, మధ్యలో ఒకసారి కుదిపితే పప్పు సందుల్లో దాక్కున్న నీళ్లు కూడా కారిపోతాయి, అప్పుడు రుబ్బేటప్పుడు మనం చిలకరించిన నీళ్లే ఉంటాయి కాబట్టి పిండి గట్టిగా వస్తుంది. ఓపిక లేక తడి పప్పునే మిక్సీలో వేస్తే పిండి జారై గారె నూనె తాగేస్తుంది, ఆనక బియ్యప్పిండి కలిపి సర్దుకోవడమే.

ఆకుకూరల్ని మాత్రం నేరుగా ఇందులో వేసి కుళాయి కింద పెట్టడం నాకు నచ్చదు. గోంగూరైనా తోటకూరైనా వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు నింపి, ముంచి ఆడించి, ఆకుల్ని చేత్తో పైకి తీసి చిల్లుల గిన్నెలో వేయాలి. చాలామంది బేసిన్‌ని అలాగే గిన్నెలోకి వంపేస్తారు, అడుగుకి దిగిన ఇసుకంతా మళ్లీ ఆకుల మీదే పడుతుంది, పప్పులో పంటి కింద కరకర.

అన్నానికైతే వెనకటి సిబ్బి ఉండేది, కుక్కర్లు వచ్చాక వార్చడమే తగ్గింది. ఇప్పటికీ వార్చేవాళ్లు గంజి పారబోయకండి, బి విటమిన్లు కొన్ని అందులోకే పోతాయి, ఉప్పు, మజ్జిగ కలుపుకుని తాగేయండి. సేమియా ఉప్మాకి ఉడికించిన సేమియా వార్చగానే చన్నీళ్లు పోస్తే ముద్దవ్వదు. పాస్తాకి సాస్ కలపాలంటే ఆ పని చేయొద్దు, పైనున్న జిగురు పోతే సాస్ పట్టదు.

ప్లాస్టిక్‌వి కూరగాయలు కడుక్కోవడానికి చాలు, మరిగే గంజి పోస్తే వంకర తిరుగుతాయి. నువ్వులు, కొర్రలు కడగాలంటే సన్న జాలీది వేరే ఉండాలి, మామూలు చిల్లుల్లోంచి సగం సింకు పాలు. కాకపోతే జాలీ కడగడం పెద్ద తలనొప్పి. పని అయిన వెంటనే బోర్లించి వెనకవైపు నుంచి కుళాయి ధార పట్టండి, గంజి ఎండిందంటే మాత్రం నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమాల్సిందే.