కర్రీని ఇచ్చేయమంటున్న మా అమ్మాయి

"స్టెఫ్ కర్రీని వేరే జట్టుకు ట్రేడ్ చేసేయాలి. డ్రేమండ్ గ్రీన్‌ని కూడా. అడిగేవాళ్లు ఉన్నప్పుడే ఇచ్చేసి, కుర్రాళ్లతో మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి." ఈ మాటన్నది మా అమ్మాయి. 2015లో ఆ ఇద్దరూ ఆడే బాస్కెట్‌బాల్ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ నలభై ఏళ్ల తర్వాత కప్పు గెలిస్తే, ఓక్లాండ్‌లో జరిగిన ఊరేగింపును వాళ్ల నాన్న భుజాలెక్కి చూసిన పిల్ల. కర్రీ పేరున్న జెర్సీ ఉతకడానికి కూడా ఇవ్వని పిల్ల. అలాంటిది ఇంత తేలిగ్గా ఆ మాట ఎలా అనగలిగిందని నాకు కోపం వచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో ఈ వాదన నడుస్తూనే ఉంది.

తను ఆవేశంగా అనలేదు, లెక్క వేసుకుని అంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అట్టడుగున ఉండటం కన్నా నడిమధ్యలో చిక్కుకోవడమే ప్రమాదమట. పైన ఉంటే కప్పు ఆశ ఉంటుంది, అడుగున ఉంటే డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, మంచి కుర్రాడు దొరుకుతాడు, మధ్యలో ఉన్నవాళ్లకు రెండూ లేవు. బోస్టన్ సెల్టిక్స్‌ను చూడమంటుంది. 2008లో కప్పు తెచ్చిన పాల్ పియర్స్, కెవిన్ గార్నెట్‌లను 2013లో బ్రూక్లిన్ నెట్స్‌కు ఇచ్చేశారు. పియర్స్ అయితే అప్పటికి పదిహేను సీజన్లు ఆ జట్టుకే ఆడాడు. బదులుగా వచ్చిన డ్రాఫ్ట్ పిక్‌ల (ఎంచుకునే వంతుల) పుణ్యమా అని జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ బోస్టన్‌కు దొరికారు. 2024లో ఆ ఇద్దరే మళ్లీ కప్పు తెచ్చారు. ఓక్లహోమా సిటీ 2019లో పాల్ జార్జ్‌ను వదులుకుని షై గిల్జస్-అలెగ్జాండర్‌నూ, ఐదు మొదటి రౌండు పిక్‌లనూ తెచ్చుకుంది. 2025లో కప్పు వాళ్లదే. జార్జ్ తనే వెళ్తానన్నాడు కదా అన్నాను. "ఎవరు ముందు అడిగారన్నది కాదమ్మా, బదులుగా ఏమి వచ్చిందో చూడు" అంది.

నా దగ్గరా లెక్కలున్నాయి. అడుగుకు చేరితే అదృష్టం తలుపు తడుతుందన్న హామీ ఏమీ లేదు. వారియర్స్ 2020లో అలాగే అడుగున ఉండి, రెండో పిక్‌తో జేమ్స్ వైజ్‌మన్‌ను తీసుకున్నారు. 2023 ఫిబ్రవరి నాటికి అతణ్ని పంపేశారు కూడా. మరి 2022 కప్పు ఎవరు తెచ్చారు? 2009లో ఏడో పిక్‌గా వచ్చిన కర్రీ, 2011లో పదకొండో పిక్‌గా వచ్చిన క్లే థాంప్సన్, 2012లో ముప్పై అయిదో పిక్‌గా వచ్చిన గ్రీన్. ఫిలడెల్ఫియా కావాలని ఏళ్ల తరబడి ఓడింది, 2015-16లో 82 ఆటల్లో పదే గెలిచింది. ఇంతా చేసి 2025 దాకా ప్లేఆఫ్స్‌లో రెండో రౌండు దాటలేదు. పైగా మొదటి పిక్ ఎవరిదో లాటరీలో తేలుతుంది; 2019 నుంచి అడుగునున్న మూడు జట్లకూ మొదటి పిక్ వచ్చే అవకాశం సమానం, తలా పద్నాలుగు శాతమే. 2025లో ఒకటిన్నర శాతానికి కాస్త ఎక్కువ అవకాశమున్న డల్లాస్‌కు అది దక్కింది.

నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది లాస్ ఏంజెలెస్ లేకర్స్ కథ. 2013లో, మడమ వెనక స్నాయువు తెగి కోబీ బ్రయంట్ ఇంకా కోలుకోని రోజుల్లో, అతనికి రెండేళ్లకు నాలుగు కోట్ల ఎనభై అయిదు లక్షల డాలర్లు రాసిచ్చారు. అందరూ తప్పుపట్టారు. ఆ రెండు సీజన్లలో జట్టు 21 ఆటలు, తర్వాత 17 ఆటలు మాత్రమే గెలిచింది. కానీ ఆ ఓటముల వల్లే 2016లో రెండో పిక్ వచ్చింది, దానితో బ్రాండన్ ఇంగ్రామ్ వచ్చాడు. ఆ ఇంగ్రామ్‌నీ మరికొందరినీ ఇచ్చి 2019లో ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకున్నారు, 2020లో గెలిచారు. అంటే పెద్దవాణ్ని గౌరవంగా చివరిదాకా ఉంచుకుని కూడా కొత్త జట్టును కట్టుకోవచ్చు. పైగా ఆ ఊరికి 2016 ఏప్రిల్ 13 మిగిలింది. తన చివరి ఆటలో కోబీ అరవై పాయింట్లు కొట్టిన రాత్రి అది. బోస్టన్‌లో పియర్స్‌కు అలాంటి రాత్రి దక్కలేదు.

క్లే థాంప్సన్ విషయంలో మాత్రం ఇద్దరం ఒకే దృశ్యాన్ని చూసి రెండు రకాలుగా అర్థం చేసుకున్నాం. 2024 వేసవిలో అతను డల్లాస్‌కు వెళ్లిపోయాడు. నవంబరు 12న ఆ జట్టుతో వారియర్స్ సొంత మైదానం చేజ్ సెంటర్‌కు తిరిగొచ్చాడు. ఇక్కడ ఆడే రోజుల్లో తన పడవ నడుపుకుంటూ ఆటకు వచ్చే అలవాటు అతనిది. అందుకని ఆ రాత్రి అభిమానులందరికీ కెప్టెన్ టోపీలు పంచారు. అవే టోపీలు పెట్టుకున్న వందలమంది ఉద్యోగులు దారికి రెండువైపులా నిలబడి చప్పట్లు కొడుతుంటే, అతను వాళ్ల మధ్యనుంచి నడిచి వెళ్లాడు. ఆట చివర్లో కర్రీ వరసగా బుట్టలో వేసి, 120-117తో పాత మిత్రుణ్ని ఓడించాడు. "చూశావా, వెళ్లిపోయినా ప్రేమ ఎక్కడికీ పోలేదు" అంది మా అమ్మాయి. ఇంత ప్రేమ ఉన్నవాణ్ని ఎందుకు పోనిచ్చారు అన్నది నా బాధ.

వారాంతపు ఫోనులో మా నాన్న కూడా దిగారు. హైదరాబాద్ ఆయన కాబట్టి సహజంగానే వి.వి.ఎస్. లక్ష్మణ్ గురించి చెప్పారు. 2012 ఆగస్టులో ఉప్పల్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు, జట్టులో పేరుంది, అయినా సొంత ఊళ్లో ఆ ఒక్క ఆటా ఆడకుండానే రిటైరయ్యారు. తర్వాత డేవిడ్ వార్నర్. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చి, ఇంటిల్లిపాదీ తెలుగు పాటలకు చిందులేసిన మనిషిని 2021లో కెప్టెన్సీ నుంచి తీసేసి పక్కన కూర్చోబెట్టారు. అందులో న్యాయం ఏముందన్నారు నాన్న. మనవరాలు అంతా విని, "వార్నర్‌ది అన్యాయమే తాతయ్యా. లక్ష్మణ్ మాత్రం కుర్రాళ్లకు చోటిస్తానని తనంతట తనే వెళ్లారుగా. నేననేదీ అదే" అంది. నాన్న కాసేపు ఏమీ అనలేదు, తర్వాత హోంవర్క్ అయిందా అని అడిగారు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ రాత్రి మాత్రం తను నన్ను నేరుగా అడిగింది: "నన్ను పాత టీమ్ మాన్పించినప్పుడు నువ్వు ఇదంతా ఎందుకు చెప్పలేదు?"

మా వీధిలోని పిల్లలంతా కలిసి ఆడే చిన్న జట్టది. ఒక స్నేహితురాలి తండ్రే కోచ్. డబ్బు తీసుకోడు, తప్పు చేస్తే అరవడు, గెలవడం కూడా తక్కువే. ఆరో తరగతిలో నేనే పట్టుబట్టి తనను పక్క ఊరి క్లబ్బుకు మార్చాను. ఎదగాలంటే కదలాలి, స్నేహాలు ఎక్కడికీ పోవు అన్నాను. ఆ నిర్ణయం సరైనదేనని ఈ రోజుకూ నమ్ముతున్నాను. తన ఆట నిజంగానే మెరుగుపడింది. కర్రీ ఇక్కడే ఉండాలనీ అంతే గట్టిగా నమ్ముతున్నాను. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని పిల్ల చూపిస్తే, తనవాళ్లను అంటిపెట్టుకోవడం, తన బతుకును మెరుగుపరచుకోవడం రెండూ నేర్చుకోవాలని చెప్పాను. "ఏది ముందు?" అని అడిగింది. మంచి ఉద్యోగం కోసం ఊళ్లు మారుతూ, మారిన ప్రతి ఊళ్లోనూ పిల్లలకు మనవాళ్లు, మన ఇల్లు అని చెప్పుకొచ్చిన నాలాంటివాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాకూడదు. అయినా జవాబు దొరకలేదు.

ఆ తర్వాత తను చెప్పింది విన్నాకే నా మనసు నిజంగా ఊగిసలాడింది. తను కర్రీని పంపేయమంటున్నది జట్టు కోసమే కాదట, కర్రీ కోసం కూడానట. 2025 మే నెలలో ప్లేఆఫ్స్‌లో మిన్నెసోటాతో సిరీస్ మొదటి ఆటలోనే అతని తొడ కండరం పట్టేసింది. ఆ ఆట గెలిచారు కానీ, అతను లేని తర్వాతి నాలుగూ ఓడారు. "అంత బరువు ఒక్కడే ఎన్నాళ్లు మోస్తాడమ్మా? గెలిచే జట్టులోకి పోనిస్తే తప్పేముంది?" క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను పోర్ట్‌లాండ్ 1995లో హ్యూస్టన్‌కు పంపితే, అదే ఏడాది అతనికి జీవితంలో ఒకే ఒక్క కప్పు దక్కింది. కర్రీ తనే 2024లో మరో ఏడాదికి ఒప్పందం పొడిగించుకున్నాడు కదా అన్నాను. అతనికి ఉండాలని ఉంటే ఉండనిమ్మంది. "కానీ నువ్వు ఉంచాలంటున్నది అతను అడిగాడని కాదు, నీకు చూడాలని ఉండి."

అది నిజమేనేమో. అయినా అతను ఇంకో రంగు జెర్సీలో ఆడటం నాకిష్టం లేదు.

ఈ మధ్య ఆ పాత కోచ్ ఫోన్ చేశారు. ఈ వేసవి టోర్నమెంటుకు ఒక అమ్మాయి తక్కువైందట, మా పిల్ల ఆడుతుందా అని. అవే తేదీల్లో క్లబ్బు సెలక్షన్లు ఉన్నాయి, రాకపోతే చోటు పోవచ్చు. ఫోను తనకే ఇచ్చాను. ఆలోచించి చెబుతానంది. వెళ్లమని చెప్పాలని నాకుంది, సెలక్షన్లు పోగొట్టుకోవద్దని చెప్పాలనీ ఉంది. వచ్చే శుక్రవారంలోగా తను ఆయనకు జవాబు చెప్పాలి.